హెడ్డు పని తరువాత ఇంజను ఆయిలులో నీరు

(సంఘాల అధ్యక్షుల, కార్యదర్శుల శిక్షణా తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు ఇచ్చిన ప్రసంగ పాఠం)



వెన్న శాతం గురించో, ఆడిటు అభ్యంతరాల గురించో చెబుతామని మీరు అనుకొని ఉంటారు. ఈ పూట జనరేటరు ఇంజను గురించి మాట్లాడదలచాము. పాలు చల్లబరచే ట్యాంకు ఉన్న సంఘాలలో ఖర్చు వోచర్లు చూసేటప్పుడు మా కంటికి తగిలే పద్దు ఒకటున్నది: "హెడ్డు గ్యాస్కెట్ మార్చినందుకు". కొద్ది రోజులు తిరగకుండా మళ్లీ అదే పద్దు. ఒక్కొక్కచోట మూడోసారి కూడా. ఈ సొమ్ము పాలు పోసే సభ్యులది గనుక, సంతకం చేసేవారికి ఈ రోగం సంగతి కొంత తెలిసి ఉండాలి.

పితికిన పాలు దాదాపు ఒంటి వేడితోనే సంఘానికి వస్తాయి. వాటిని 4 డిగ్రీలకు దింపి నిలపాలి. కరెంటు పోయిన పూట ఆ భారమంతా జనరేటరు మీదనే. అది మొరాయిస్తే పాలు ఏమవుతాయో మీకు మేము చెప్పనక్కరలేదు. గాలితో చల్లబడే చిన్న ఇంజను ఉన్న సంఘాలవారికి ఈ ప్రసంగంతో పని లేదు, వారు వెళ్లి టీ తాగి రావచ్చు. రేడియేటరు ఉన్నవారు మాత్రం కూర్చోండి.

ఇంజను వేడెక్కిందని హెడ్డు విప్పించారు, లేతు షాపులో ముఖం సాపు చేయించారు, కొత్త గ్యాస్కెట్ వేయించారు. నాలుగు రోజులకు ఆయిలు పుల్ల తీసి చూస్తే పాలు కలిపిన కాఫీ రంగు. మట్టం కూడా పెరిగింది. రేడియేటరులో నీరు తగ్గింది. ఇదీ వరుస. పాల పని తెలిసినవారికి ఆ రంగు ఎందుకొచ్చిందో అర్థం కావడం సులువు. పాలలో నీటి మధ్య కొవ్వు సన్నని బిందువులుగా ఉంటుంది. వెన్నలో కొవ్వు మధ్య నీరు చిక్కుకొని ఉంటుంది. ఇంజనులో క్రాంకు తిరిగి చిలికినప్పుడు ఆయిలులో నీరు ఆ వెన్నలోని నీటిలాగే చిక్కుకుంటుంది. అటువంటి ఆయిలు బేరింగుల మధ్య పొరగా నిలవదు. బేరింగు పోతే తరువాత క్రాంకు పోతుంది. గ్యాస్కెట్ ఖర్చుకు, క్రాంకు ఖర్చుకు పొంతనే లేదు.

అయితే ఆయిలు పోసే మూత కింద కాస్త తెల్లని నురగ కనిపించగానే బెంబేలు పడవద్దు. రోజుకు పది నిమిషాలే నడిచే ఇంజనులో, ముఖ్యంగా చలికాలంలో, గాలిలోని తేమ ఆ మూత కింద చేరి అలా కనిపిస్తుంది. పుల్ల మీద ఆయిలు శుభ్రంగా ఉండి, రేడియేటరు మట్టం తగ్గకుండా ఉంటే అది రోగం కాదు. అనుమానం తీరకపోతే బాగా కాలిన ఇనుప రేకు మీద రెండు చుక్కల ఆయిలు వేయండి. డీజిలుకు దూరంగా, ముఖం పక్కకు పెట్టుకొని వేయాలి. చిటపటలాడితే నీరున్నట్టే.

నీరున్నదని తేలిన తరువాత ఇంజను స్టార్టు చేయకూడదు. "ఈ పూటకు నడిపి, రేపు చూద్దాం" అనే మాట వద్దు. పిస్టను మీద నీరు చేరి ఉంటే గాలిలాగా అది నలగదు. స్టార్టరు తిప్పిన మొదటి దెబ్బకే కనెక్టింగ్ రాడ్డు వంగిపోవచ్చు. చూడదలిస్తే ఇంజెక్టర్లు విప్పి, చేత్తో తిప్పి చూడాలి. నీరుంటే ఆ రంధ్రాలలోనుంచే చిమ్ముతుంది గనుక ముఖం దగ్గర పెట్టకూడదు.

ఇక నీరు ఎటునుంచి వచ్చిందన్న విచారణ. మెకానిక్కును అడగవలసిన మొదటి ప్రశ్న: హెడ్డు ఎత్తే ముందు బ్లాకులోని నీరు పూర్తిగా దింపావా? రేడియేటరు ఒక్కటే ఖాళీ చేసి హెడ్డు ఎత్తితే, బ్లాకులో మిగిలిన నీరు పుష్ రాడ్డు రంధ్రాలగుండా నేరుగా ఆయిలు ఛాంబరులోకి దిగుతుంది. అప్పుడు కారుతున్నది ఏమీ లేదు, పాత నీరే ఉన్నది. ఆయిలు, ఫిల్టరు మారిస్తే సరిపోతుంది. కానీ ఈ మాటను నమ్మి ఊరుకోవడం కాదు, రుజువు కావాలి.

రుజువుకు మార్గం ఇది. ఇంజనును రాత్రంతా కదలకుండా ఉంచండి. తెల్లవారి ఛాంబరు అడుగు నట్టు మెల్లగా వదులు చేస్తే, చిలకబడని నీరు బరువు గనుక ముందుగా అదే వస్తుంది. తరువాత ఆయిలంతా దింపి, ఛాంబరు విప్పించండి. రేడియేటరు మూతి దగ్గర చేతి పంపు, గేజీ బిగించి, రేడియేటరు మూత మీద ముద్రించి ఉన్న ఒత్తిడి వరకు గాలి కొట్టించండి, అంతకు మించవద్దు. టార్చిలైటు పట్టుకొని కింది నుంచి చూడండి. అవసరమైతే ఆ ఒత్తిడిలోనే కొన్ని గంటలు ఉంచండి. రంగు కూలెంటు పోసి ఉంటే చుక్క పడే చోటు ఇంకా తేలికగా కనబడుతుంది.

ఒక సంఘంలో మేము చూసినది చెబుతాము. గ్యాస్కెట్ రెండుసార్లు మార్చారు. మూడోసారికి అంచనా వేయించి, తీర్మానం కూడా రాశారు. ముందు ఛాంబరు దింపి పంపు పరీక్ష చేయించండి, ఆ తరువాతనే బిల్లు అన్నాము. మెకానిక్కుకు అది నచ్చలేదు. గంట గడిచాక మూడో సిలిండరు లైనరు అడుగు నుంచి ఒక చుక్క, కాసేపటికి మరో చుక్క. హెడ్డులో ఏ లోపమూ లేదు. లైనరు కింది రబ్బరు రింగు పోయింది.

ఇది హెడ్డు పని వల్లనే జరిగింది, కాని హెడ్డులో జరగలేదు. నీరు నేరుగా తగిలే లైనర్లు ఉన్న ఇంజనులో వాటిని పై నుంచి అదిమి పట్టేది హెడ్డే. హెడ్డు తీసి ఉన్నప్పుడు, పిస్టన్ల మీది మసి గీకేందుకు క్రాంకు తిప్పుతారు. పిస్టను పైకి పోతూ లైనరును కూడా వెంట్రుకవాసి లేపుతుంది. ఏళ్ల తరబడి వేడికి గట్టిపడిన రబ్బరు, కదలనంత కాలం నీటిని ఆపుతుంది. కదిలితే ఇక ఆపదు. అందుకే హెడ్డు తీసిన వెంటనే లైనర్లను బోల్టులు, మందపు వాషర్లతో అదిమి ఉంచిన తరువాతనే క్రాంకు ముట్టుకోవాలి. ఆ రింగుల ధర స్వల్పమే. పిస్టను, లైనరు బయటకు తీయాలి గనుక కూలి మాత్రం తప్పదు.

కింద చుక్క లేకుంటే పైకి పోవాలి. రేడియేటరులో ఆయిలు కూడా తేలుతూ ఉంటే ఆయిలు కూలరును అనుమానించండి. ఇంజను నడిచేటప్పుడు ఆయిలు ఒత్తిడి ఎక్కువ గనుక ఆయిలు నీటిలోకి పోతుంది. ఆపిన తరువాత నీరు ఆయిలులోకి వస్తుంది. కూలరు విప్పి, నీటి తొట్టిలో ముంచి గాలి పెడితే బుడగలు చెబుతాయి. ఇంజను పాడు కాకముందు నడిచిన రోజుల్లోనే రేడియేటరులో ఎడతెగని బుడగలు వచ్చి ఉంటే సిలిండరు మంట నీటిలోకి చేరుతున్నదని, అంటే గ్యాస్కెట్ గాని, హెడ్డు గాని దోషి అని భావించవచ్చు. హెడ్డులో బీట సాధారణంగా వాల్వు సీట్ల మధ్య వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు మూసుకొని ఉంటుంది గనుక వేడి నీటిలో పెట్టి గాలి పరీక్ష చేయించాలి.

గ్యాస్కెట్టే మార్చవలసి వస్తే దగ్గర నిలబడి చూడండి. బోల్టు రంధ్రాలలో నీరు, ఆయిలు నిలిచి ఉంటే బిగింపు లెక్క తప్పుతుంది. ఒక్కొక్కప్పుడు బ్లాకే చీలుతుంది. లైనరు అంచు బ్లాకు ముఖానికి పైకి ఎంత ఉండాలో ఇంజను పుస్తకంలో ఉంటుంది, అది మిల్లీమీటరులో పదోవంతు లెక్కలోని వ్యవహారం. బోల్టులు మధ్య నుంచి అంచులకు, రెండు మూడు విడతలుగా, టార్కు రెంచితో బిగించాలి. "నా చేతికి తెలుసు" అనే మెకానిక్కు నిజంగా నేర్పరి కావచ్చు. అయినా రెంచి తెమ్మనండి.

ఛాంబరు విప్పి ఉండగానే బేరింగు టోపీలు ఒకటి రెండు తీసి చూపించమనండి. మళ్లీ బిగించాక కొత్త ఆయిలు, ఫిల్టరుతో పావుగంట నడిపి, వెచ్చగా ఉండగానే దింపి, మరోసారి రెండూ మార్చాలి. దీన్ని మేము అభ్యంతరంగా రాయము. వోచరు మీద మాత్రం "రిపేరు" అని ఒక్క మాట రాసి వదలక, ఎన్నో సిలిండరు, ఏమి మార్చారు, పరీక్షలో ఏమి కనిపించింది రాయించండి.

దింపిన కూలెంటు గురించి పశువులున్న మనం మరింత జాగ్రత్త పడాలి. అందులోని గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. దూడగాని, కుక్కగాని నాకితే మూత్రపిండాలు చెడి చచ్చిపోవచ్చు. పశువులు నీరు తాగే తొట్టి పక్కన గాని, కాలువలో గాని పోయకండి. మూత ఉన్న డబ్బాలో పోసి, మీద పేరు రాసి, తాళం వేసిన గదిలో ఉంచి, వర్క్‌షాపుకు అప్పగించండి.

ఈ కేంద్రం జనరేటరు వెనుక వసారాలో ఉన్నది. పంపు, గేజీ తెప్పించాము. ప్రశ్నలున్నవారు అక్కడికే రండి, ఒత్తిడి ఎట్లా పెట్టాలో చేసి చూపుతాము.