గేటు ఎత్తే ఇంజినీరు ఎవరి మనిషి?

(కర్నూలులో విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



సీమ నీళ్ల గురించి మాట్లాడినప్పుడల్లా మనం టీఎంసీల లెక్కతో మొదలుపెడతాం. బచావత్ ట్రిబ్యునల్ కేసీ కాలువకు 39.9 టీఎంసీలు ఇచ్చిందనీ, అందులో 10 తుంగభద్ర డ్యాం నుంచి రావాలనీ చెప్పుకుంటాం. లెక్క నిజమే. కానీ కాగితం మీది నీళ్లు కర్నూలు, కడప పొలాలకు పారాలంటే ఎవరో ఒక ఇంజినీరు గేటు ఎత్తాలి. ఆ ఇంజినీరు ఎవరి మాట వింటాడు? ఈరోజు నా మాటలన్నీ ఈ ప్రశ్న మీదే.

కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రాన్ని ఏర్పరచిన 1953 చట్టం కిందనే తుంగభద్ర బోర్డు పుట్టింది. చైర్మన్‌ను కేంద్రం వేస్తుంది. పనిచేసే ఇంజినీర్లు రాష్ట్రాల నుంచి డిప్యుటేషన్ మీద వెళ్తారు. డిప్యుటేషన్ అంటే ఏమిటో ఉద్యోగ మిత్రులకు చెప్పనక్కర్లేదు. కూర్చునేది బోర్డు కుర్చీలో. సీనియారిటీ, ప్రమోషన్, రేపు తిరిగి చేరాల్సిన చోటు మాత్రం సొంత శాఖలో. ఆ మనిషి చెడ్డవాడు కానక్కర్లేదు, ఏర్పాటే అట్లా వుంది.

2014 విభజన చట్టం కృష్ణా బోర్డును పెట్టింది. సిబ్బంది మొదట రెండు రాష్ట్రాల నుంచి సమానంగా డిప్యుటేషన్ మీద వచ్చి, తర్వాత బోర్డులోనే శాశ్వతంగా కలిసిపోవాలని 86వ సెక్షన్ చెప్పింది. ఖర్చు మాత్రం రాష్ట్రాలే భరించాలి. 2021 జూలై 15 గెజిట్‌తో ప్రాజెక్టులను బోర్డు పరిధిలోకి తెచ్చారు. అక్టోబర్ 14 గడువు దాటినా శ్రీశైలం, సాగర్ పూర్తిగా బోర్డు చేతికి రాలేదు. అదే ఏడాది శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో కరెంటు ఉత్పత్తి ఆపమని బోర్డు లేఖ రాసింది. అక్కడి ఇంజినీర్లు తెలంగాణ ప్రభుత్వ ఉత్తర్వునే పాటించారు. శ్రీశైలంలో 854 అడుగులు దాటితేనే పోతిరెడ్డిపాడుకు చెప్పుకోదగ్గ నీళ్లు వస్తాయి. మట్టం పడితే ఎండేది ఎవరి గొంతో మీకు తెలుసు.

ఈ తంటా మనకొక్కరికే లేదు. యూరోపియన్ యూనియన్‌లో 27 దేశాలున్నాయి. చట్టాలు అందరికీ కలిపి చేస్తారు, అమలు చేసేది ఏ దేశం అధికారులు ఆ దేశంలో. ఇటలీలో ఒక స్టేడియం టెండరు వివాదం మిలాన్ మునిసిపాలిటీ నుంచి ఉమ్మడి కోర్టుకు పోయింది. సొంత దేశ చట్టం ఉమ్మడి చట్టానికి విరుద్ధంగా వుంటే, మునిసిపాలిటీ కూడా సొంత చట్టాన్ని పక్కనపెట్టాల్సిందేనని 1989లో తీర్పు వచ్చింది. అయితే ఆదేశిస్తే సరిపోదని ఆ కోర్టుకూ తెలుసు. జర్మనీలో వ్యక్తిగత సమాచార రక్షణ అధికారుల మీద రాష్ట్ర ప్రభుత్వాల పెత్తనం వుండటం చట్టవిరుద్ధమని 2010లో చెప్పింది. అంటే, అధికారి ఉమ్మడి న్యాయం పాటించాలంటే ముందు ఇంటి ప్రభుత్వం కర్ర అతని నెత్తిమీద లేకుండా చెయ్యాలి. మన 86వ సెక్షన్ సారం కూడా అదే.

తప్పంతా పొరుగు రాష్ట్రానిదే అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. శ్రీశైలం కనీస మట్టాన్ని 854 నుంచి 834 అడుగులకు దించిన 1996 నాటి జీవో 69 మన సొంత ప్రభుత్వానిదే. 2004లో జీవో 107తో మళ్లీ 854 చేశారు. 2023 నవంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసులు సాగర్ డ్యాం మీదికి పోయి కుడి కాలువకు నీళ్లు వదిలించారు. ఆ తెగువ పోతిరెడ్డిపాడు కోసం ఎన్నడైనా చూశామా? కృష్ణా బోర్డులో ఆంధ్రప్రదేశ్‌కు ఇద్దరు సభ్యులున్నారు. డెల్టా అవసరం, సీమ అవసరం ఎదురుబడిన రోజు ఆ ఇద్దరూ ఎవరి తరఫున మాట్లాడాలి? శ్రీబాగ్ ఒడంబడిక 1937లోనే నీళ్లలో సీమకు మొదటి హక్కు రాసింది. రాసినదాన్ని అడిగే మనిషిని మాత్రం ఏ బోర్డులోనూ పెట్టలేదు.

రాయలసీమ రాష్ట్రం వస్తే మన ఇంజినీరు కూడా రెండు పడవల మీద కాళ్లు పెట్టాల్సిందే కదా అని అడగొచ్చు. నిజమే, పెట్టాల్సిందే. కానీ ఇప్పుడు ఆ రెండు పడవల్లో ఒక్కటీ సీమది కాదు.

అందుకే మూడు కోరికలు. బోర్డుల సిబ్బందిని 86వ సెక్షన్ చెప్పినట్టు శాశ్వతం చెయ్యాలి. కృష్ణా బోర్డు కార్యాలయం ఆంధ్రప్రదేశ్‌లో వుండాలని చట్టమే చెప్పింది కాబట్టి, కృష్ణా తుంగభద్రలు కలిసే ఈ గడ్డ మీద, కర్నూలులోనే పెట్టాలి. బోర్డులో మన నోటితో మన మాట చెప్పడానికి మన రాష్ట్రం మనకు కావాలి.

జై రాయలసీమ!