మైల ఎక్కడుంది?

(వాడలో సాయంకాలపు సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము బడి పంతుళ్లం. ఉపన్యాసాలు మాకు అంతగా రావు. పిల్లలకు చెప్పేదే ఇక్కడా చెప్తాం. కంటికి కనబడని జీవుల సంగతి. బాక్టీరియా అంటారు.

అవి లేని చోటు లేదు. మన నోట్లో, పేగుల్లో, చర్మం మీద, చెరువు నీళ్లలో, చేని మట్టిలో. అన్నీ చెడ్డవి కావు. పాలు తోడుకునేది వాటివల్లే. వేరుశెనగ మొక్క పీకి చూడండి, వేళ్లకు బుడిపెలుంటాయి. గాలిలోని నత్రజనిని పట్టి చేనుకు ఎరువు చేసేది ఆ బుడిపెల్లోని బాక్టీరియానే. చెడ్డవీ ఉన్నాయి. కలరా, టైఫాయిడ్, క్షయ వాటివల్లే. పూర్వజన్మ పాపమన్న కుష్ఠుకు కూడా బాక్టీరియానే కారణమని 1873లోనే నార్వేలో హాన్సెన్ అనే డాక్టరు కనిపెట్టాడు. పాపం సంగతి అప్పుడే తేలిపోయింది, మనకే ఆలస్యంగా చెప్పారు.

ఇంకో కథ వినండి. 1847. వియన్నా నగరంలో పెద్దాసుపత్రి. రెండు కాన్పు వార్డులు. ఒకదాంట్లో డాక్టర్లు, వాళ్ల దగ్గర చదివే కుర్రాళ్లు పురుడు పోస్తారు. రెండోదాంట్లో మంత్రసానులు. డాక్టర్ల వార్డులోనే బాలింతలు జ్వరమొచ్చి ఎక్కువగా చచ్చిపోతున్నారు! సెమ్మెల్వైస్ అనే డాక్టరు కారణం పట్టాడు. వీళ్లు శవాలు కోసి, ఆ చేతుల్తోనే వచ్చి కాన్పు చేస్తున్నారు. మే నెల నుంచి, బ్లీచింగు నీళ్లలో చేతులు కడిగితేనే లోపలికి రావాలన్నాడు. ఏప్రిల్లో నూటికి 18 మంది పోయిన వార్డులో జూన్‌కు ఇద్దరయ్యారు. పెద్ద డాక్టర్లు ఒప్పుకున్నారా? మా చేతులు మురికివా అని కోపం తెచ్చుకున్నారు. ఆయన 1865లో పిచ్చాసుపత్రిలో పోయాడు.

మన ఊళ్లలో పురుడు పోసిందెవరు? మన అవ్వలు. బొడ్డు కోసిన చేతిని మైల చెయ్యి అన్నారు, కూలి గింజలు దూరంనుంచి పోశారు. అయితే మన తప్పు కూడా చెప్పుకోవాలి. కొడవలి మరగబెట్టకుండానే బొడ్డు కోశాం. మట్టిలో, పేడలో ఉండే బాక్టీరియా ఆ పుండులోంచి పోయి ధనుర్వాతం తెస్తుంది. మా ఇంట్లో ఒక చెల్లెలు అట్లాగే పోయింది. వారం బిడ్డ. దయ్యం పట్టిందనుకున్నాం.

అందుకే దొడ్డికి పోయొచ్చాక, అన్నం ముందు సబ్బుతో చేతులు కడగండి. గోళ్ల సందులు కూడా. విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి, గుక్కగుక్కగా తాగించండి. చిన్న చెంచా, తలగొట్టి కొలవండి.

కానీ చేతులొక్కటే కడిగితే చాలదు. మన కుళాయి పైపు మురికికాలవలోంచి వస్తుంది. నీళ్లు కట్టేసినప్పుడు పగుళ్లలోంచి మురుగు లోపలికి పీల్చుకుంటుంది. పోయిన వానాకాలం వాడంతా వాంతులు, విరేచనాలు. "మీరు శుభ్రంగా ఉండరు" అని మననే అన్నారు.

చిన్న పరీక్ష సీసాలు తెచ్చాం. నీళ్లు పోసి మూతపెట్టి వెచ్చటి చోట ఉంచితే, పెంటలోని బాక్టీరియా కలిసిన నీళ్లు ఒకటి రెండు రోజుల్లో నల్లబడతాయి. ఊరి కుళాయి ఒకటి, వాడ కుళాయి ఒకటి, బోరు ఒకటి. రేపు పొద్దున మీ కళ్లముందే నింపుతాం. ఎల్లుండి సాయంత్రం ఇక్కడికే రండి. పంచాయతీ వాళ్లను కూడా పిలిచాం.