చైత్రంలో పొదుపు - జూన్‌లో నిబ్బరం



శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని మన పెద్దలంటారు. ఆ చలి వెళ్లింది మొదలు శ్రీరామనవమి దాకా మన వరంగల్‌లో పొద్దున, సాయంత్రం హాయిగా ఉంటుంది. మామిడి పిందె కడుతుంది, వేప పూత రాలుతుంది. అయితే ఇంటి ఖర్చుల విషయంలో ఏమరుపాటు పనికిరాని కాలం కూడా ఇదే. ఏడాదికి సరిపడా కారం, చింతపండు, పప్పు కొనేది ఇప్పుడే. పండుగలు వచ్చేది ఇప్పుడే. కరెంటు మీటరు పరుగందుకునేది ఇప్పుడే. పరీక్షలు అయిపోయిన పిల్లలు ఎటైనా తీసుకుపొమ్మని చుట్టూ తిరిగేదీ ఇప్పుడే. వీటన్నిటి వెనకాల చడీచప్పుడు లేకుండా జూన్ నెల వస్తూ ఉంటుంది.

మన దగ్గర బడులు సాధారణంగా జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. ఫీజులు, పుస్తకాలు, బట్టలు, బూట్లు అన్నీ ఒక్క వారంలో మీదపడతాయి. చేతిలో డబ్బు ఆడక ఎంతో మంది అప్పుకు పోయేది ఆ వారంలోనే. నూటికి మూడు రూపాయల వడ్డీకి పదివేలు తెచ్చామనుకోండి. నెలకు 300 రూపాయలు, పది నెలలకు 3,000. అసలు మాత్రం అసలుగానే కూర్చుంటుంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు. ఫాల్గుణ, చైత్ర మాసాల్లో మనం చేసే పొదుపు దాచుకోవడం కోసమే కాదు, జూన్‌లో ఎవరి ముందూ చెయ్యి చాచకుండా ఉండడం కోసం.

ఇక్కడ ముందుగా ఒక మాట చెప్పాలి. పొదుపు అనగానే మనలో చాలామంది తమ మీదే మొదలు పెడతారు. తన గ్లాసులో పాలు తగ్గిస్తుంది, పిల్లలకు, మగవాళ్లకు కూర వడ్డించి తాను పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుంటుంది, ఎవరూ లేని మధ్యాహ్నం ఫ్యాను ఆపి చెమటలో కూర్చుంటుంది. అమ్మా, అది పొదుపు కాదు. అది కూడా అప్పే. దానిని తరువాత మన ఒంట్లో నుంచి, మందుల దుకాణంలో తీర్చుకోవలసి వస్తుంది. పొదుపు లెక్కలో నుంచి రావాలి గాని ఇల్లాలి కంచంలో నుంచి రాకూడదు. ఆ లెక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూద్దాం.

మొదటిది ఏడాది సరుకు. ఆసియాలోని పెద్ద వ్యవసాయ మార్కెట్లలో ఒకటిగా పేరుపొందిన ఏనుమాముల మార్కెట్ మన ఊళ్లోనే ఉంది. కొత్త మిర్చి బస్తాలు అక్కడికి ముమ్మరంగా వచ్చేది ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే. కారంపొడి ప్యాకెట్లు నెలనెలా కొనేకన్నా ఇప్పుడు ఎండుమిరపకాయలు తీసుకుని పట్టించుకుంటే ఖర్చు తగ్గుతుంది, కల్తీ భయమూ ఉండదు. నర్సంపేట, పరకాల, ములుగు వైపు చుట్టాలుంటే రైతు కల్లం దగ్గరే అడగవచ్చు. ఒక్క ఇంటికి బస్తా ఎక్కువవుతుంది కాబట్టి వాడలో నలుగురైదుగురు కలిసి ఒక బస్తా తీసుకుని పంచుకోండి.

రకం కూడా చూసుకోవాలి. తేజ రకానికి ఘాటు ఎక్కువ. చపాట మిర్చికి ఘాటు తక్కువ, ఎరుపు ఎక్కువ. టమాటాలాగా బొద్దుగా ఉండే ఈ వరంగల్ చపాటకు 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒట్టి చపాటతో కారం పట్టిస్తే కూరలో రెండు చెంచాలు వేయవలసి వస్తుంది. కొంత తేజ, కొంత చపాట కలిపి పట్టిస్తే రంగూ ఉంటుంది, పొడీ ఆదా అవుతుంది. కొనేటప్పుడు కాయను వంచి చూడండి. గలగలమని విరిగితే మంచిది, మెత్తగా వంగితే తేమ ఉన్నట్టు. తేమకు డబ్బు ఇచ్చి, ఆపైన బూజు పట్టి పారబోసుకోవడం రెండు విధాలా నష్టం.

చింతపండు సంగతి చూడండి. గింజ తీయనిది అగ్గువ అని చాలామంది అదే తెస్తారు. గింజతో ఉన్న చింతపండులో దాదాపు మూడో వంతు బరువు గింజదే. అంటే కిలో 100 రూపాయలు పెట్టి కొంటే నిజంగా మీకు పడిన ధర 150 అన్నమాట. గింజ తీసినది అంతకన్నా తక్కువకు దొరికితే అదే లాభం. కాదు, గింజది బాగా తక్కువగా ఉందంటే అదే తెచ్చి మధ్యాహ్నం అందరూ కూర్చుని తీసుకోండి. ‘అందరూ’ అన్నాను, ఇంట్లో ఆడవాళ్లు మాత్రమే అనలేదు. తీసిన చింతపండును ఉప్పు కలిపి జాడీకెత్తితే ఏడాది నిలుస్తుంది.

ఈ రోజుల్లోనే టమాటా, మిరప, వంకాయ అగ్గువగా దొరుకుతాయి. మే నెలలో అవే పిరమవుతాయి. ఎండకు మనం బిల్లు కట్టనక్కరలేదు కదా! టమాటా ఒరుగులు, చల్లమిరపకాయలు, వడియాలు ఇప్పుడే పెట్టుకుంటే కూరగాయలు పిరమైన రోజుల్లో ఒక పూట గడిచిపోతుంది.

అయితే ఒక హెచ్చరిక. ఏడాది సరుకును అప్పు చేసి కొనవద్దు. ఇప్పుడు కొనడం వల్ల నూటికి పది రూపాయలు కలిసి వచ్చిందనుకుందాం. ఆ డబ్బు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినదైతే నాలుగు నెలలు తిరగకముందే ఆ లాభం మొత్తం వడ్డీ కింద పోతుంది. చేతిలో ఆరు నెలల డబ్బే ఉంటే ఆరు నెలల సరుకే కొనండి. అందులో చిన్నతనమేమీ లేదు.

రెండవది కరెంటు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద అర్హత ఉన్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. కాని 201వ యూనిట్ కాలిందంటే ఆ ఒక్క యూనిట్‌కే కాదు, ఆ నెలలో కాలిన మొత్తం యూనిట్లకూ డబ్బు కట్టాలి. పథకం లేని ఇళ్లకు కూడా యూనిట్లు పెరిగేకొద్దీ స్లాబు మారి ధర పెరుగుతుంది. కాబట్టి 200 అనే అంకెను గోడ మీద రాసుకున్నట్టు గుర్తుంచుకోండి. రోజుకు ఆరున్నర యూనిట్లు దాటకూడదు.

ఆ ఆరున్నర ఎక్కడ పోతుందో చూద్దాం. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. రెండు ఫ్యాన్లు 12 గంటలు తిరిగితే నెలకు 54 యూనిట్లు. 200 వాట్ల కూలరు రాత్రి పది గంటలు నడిస్తే నెలకు 60. ఫ్రిజ్జుకు రోజుకు ఒక యూనిట్ చొప్పున 30. ఇక్కడికే 144 అయ్యాయి. లైట్లు, టీవీ, మిక్సీ, నీళ్ల మోటరు, ఇస్త్రీపెట్టె అన్నీ మిగిలిన 56లో సర్దుకోవాలి. ఇస్త్రీపెట్టె వెయ్యి వాట్లది, ఒక గంట వేడెక్కితే ఒక యూనిట్. రోజూ రెండేసి బట్టలకోసం వేడి చేసేకన్నా వారానికి ఒకసారి అన్నీ కలిపి చేయడం మేలు. బీఎల్‌డీసీ అనే కొత్తరకం ఫ్యాను సుమారు 30 వాట్లే తీసుకుంటుంది. ఉన్న ఫ్యాను చెడిపోయి కొత్తది కొనవలసినప్పుడు ఆ రకం తీసుకుంటే, 12 గంటల లెక్కన నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. బాగున్న ఫ్యానును మాత్రం తీసి పారేయకండి.

బిల్లు వచ్చిన రోజు మీటరులో ఉన్న అంకెను క్యాలెండరు మీద రాయండి. పదిహేనో రోజు మళ్లీ చూడండి. వంద దాటిందంటే ఇంకా పదిహేను రోజులు మీ చేతిలో ఉన్నాయి. బిల్లు చేతికొచ్చాక బాధపడి లాభం లేదు.

ఇంటిని చల్లబరిచే పాత పద్ధతులూ ఉన్నాయి. కిటికీ పక్కన తడి ఇసుక మీద రంజన్ పెట్టుకుంటే ఫ్రిజ్జు తలుపు మాటిమాటికీ తెరవనక్కరలేదు. ఎండలు ముదరకముందే మిద్దె మీద తెల్లసున్నం వేయిస్తే పైకప్పు వేడి తగ్గుతుంది. ఇదేదో పాతకాలపు ముచ్చట అనుకోకండి. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల కోసం ప్రత్యేకంగా ఒక విధానమే ప్రకటించింది.

మూడవది వినోదం. డబ్బు తక్కువైతే మొదట కోసేసేది దీన్నే. అది సరికాదని నా మనవి. ఏడాది పొడుగునా వంటింట్లో ఉన్న మనిషికి ఒక పూట బయటి గాలి అవసరమే. ఎంత ఖర్చు చేశామన్న దానికన్నా ఎవరితో కలిసి పోయామన్నదే పిల్లలకు గుర్తుంటుంది.

మన చుట్టూ ఏముందో చూడండి. 1163లో కట్టిన వేయిస్తంభాల గుడి ఉంది. భద్రకాళి చెరువు గట్టు ఉంది. కాకతీయుల కోట ఉంది, అక్కడ పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. కాస్త దూరం పోదామంటే పాలంపేటలో రామప్ప గుడి ఉంది. 1213 నాటి ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలోని స్త్రీలకు, ఆడపిల్లలకు ప్రయాణం ఉచితం. గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. పులిహోర, పెరుగన్నం డబ్బాలో పెట్టుకుని, నీళ్లు ఇంటి నుంచి తీసుకుపోతే ఇక మిగిలేది మగవాళ్ల టికెట్లు, చివర్లో ఆటో కిరాయి మాత్రమే. అయితే బస్సు ఉచితం కదా అని నాలుగుసార్లు బట్టల దుకాణానికి పోయి రావడం మాత్రం పొదుపు కిందికి రాదు సుమా!

ఎండలు ముదిరాక పిల్లలకు గ్రంథాలయం అలవాటు చేయండి. హనుమకొండలోని రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం 1904 నాటిది. నిజాం కాలంలో తెలుగు చదువుకోవడమే కష్టమైన రోజుల్లో మన పెద్దలు దానిని నిలబెట్టారు.

సరే, ఇలా మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలి? పోపుల డబ్బాలో పెడితే ఏదో ఒక అవసరం వచ్చి అది ఖాళీ అవుతుంది. మీ పేరున ఉన్న ఖాతాలో గాని, మీ పొదుపు సంఘంలో గాని వేయండి. మనకు దగ్గరలోనే, ఇప్పటి హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలో ముల్కనూరు ఉంది. 1956లో అక్కడ సహకార గ్రామీణ బ్యాంకు వెలిసింది. తరువాతి కాలంలో ఆ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు పొదుపు సంఘాల్లో నెలనెలా కొద్దికొద్దిగా కూడబెట్టారు. లెక్కలు రాయడం, అప్పులివ్వడం, వసూలు చేయడం నేర్చుకున్నారు. ఆ అనుభవంతోనే తమ సొంత పాల డెయిరీ పెట్టుకున్నారు. ‘స్వకృషి’ పేరుతో వచ్చే పాలు వారివే. అంత పెద్ద పని చిన్న మొత్తాలతోనే మొదలయింది.

ఉగాదినాడు పంచాంగం వింటూ మన రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత అని చెవులు రిక్కిస్తాం. కాని మన ఇంటి ఆదాయ వ్యయాలు ఏ పంచాంగంలోనూ ఉండవు. వాటిని మనమే రాసుకోవాలి. ఈ ఉగాదికి ఒక నోటుపుస్తకం తెచ్చి మొదటి పేజీలో జూన్ ఖర్చు అంచనా వేయండి. దానిని ఇప్పటి నుంచి ఉన్న వారాలతో భాగించండి. వచ్చిన అంకె వారానికి మీరు పక్కన పెట్టవలసిన డబ్బు. ఆ పుస్తకాన్ని ఇంట్లో అందరికీ కనపడే చోట ఉంచండి. ఖర్చు అందరిదైనప్పుడు పొదుపు భారం కూడా అందరిదే కావాలి. మగవారి సిగరెట్టు, పిల్లల చిరుతిండి, మన గాజులు అన్నీ ఆ పుస్తకంలోకి ఎక్కాలి.

పూర్తి మొత్తం సమకూడకపోవచ్చు. సగం సమకూడినా సగం అప్పు తప్పినట్టే. బడి తెరిచిన రోజు పిల్లవాడి చెయ్యి పట్టుకుని మీరు నిబ్బరంగా నడిచిపోతే అదే మన చైత్రమాసపు సంపాదన.