స్పాన్సర్ పైసలు ఎప్పుడొస్తయి? మన నిఖత్ నుంచి ఫార్ములా-ఈ దాకా

నిజామాబాద్ నుంచి మాట్లాడుతున్నా. "అన్నా, మంచిగ ఆడితే స్పాన్సర్ దొరుకుతడా?" అని చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతున్నరు. ఈరోజు ముచ్చట అదే.

ముందు ఒకటి తెలుసుకోండి. స్పాన్సర్‌షిప్ దానం కాదు, కంపెనీకి అది ప్రచార ఖర్చు. రేసు కారును చూడండి. ముక్కు మీద ఒక పేరు, రెక్క మీద ఒక పేరు, డ్రైవర్ హెల్మెట్ మీద ఇంకో పేరు. కెమెరాకు ఎక్కువ కనబడే జాగాకు ఎక్కువ రేటు.

ఇప్పుడు మన ఊరి నిఖత్ జరీన్ సంగతి చూద్దాం. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. అడిడాస్‌తో ఒప్పందం కుదిరింది 2018లో. మధ్యల ఏడేళ్లు! 2014లో రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షలు ఇచ్చింది. 2017లో భుజం గాయంతో రింగ్‌కు దూరమైంది. ఇవన్నీ దాటి 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఢిల్లీలో లక్ష డాలర్ల ప్రైజ్‌మనీ వచ్చింది, పోటీల స్పాన్సర్ మహీంద్రా థార్ బండి ఇచ్చింది. ఆమె కష్టానికి అది తక్కువే. కానీ వరస గమనించండి: గెలుపు ముందు, పైసలు వెనుక.

బోధన్ దిక్కు చెరకు రైతును అడిగితే ఇది వెంటనే అర్థమైతది. విత్తనం, ఎరువు, నీళ్లు, కూలి అన్నీ రైతు నెత్తి మీదే. కాటా అయినంకనే బిల్లు. ఆటలో ఆ పెట్టుబడి పెట్టేది అమ్మానాన్న.

మరి స్పాన్సర్ వచ్చి మధ్యలో పోతే? 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా-ఈ రేసు జరిగింది. తర్వాత ప్రమోటర్ కంపెనీ తప్పుకుంది. రెండో రేసు కోసం హెచ్ఎండీఏ నుంచి సుమారు 55 కోట్లు కట్టిన్రు. 2024 జనవరిలో ఆ రేసే రద్దయింది, డిసెంబర్‌లో ఏసీబీ కేసు పెట్టింది. తప్పెవరిదో కోర్టు తేలుస్తది. మనకు కావాల్సిన పాఠం వేరే: ఒక్కరి పైసల మీద నిలబడ్డది, ఆ ఒక్కరు పోతే ఆగుతది. 2015 డిసెంబర్‌లో నిజాం షుగర్స్ మూతపడ్డప్పుడు శక్కర్‌నగర్ చూసింది కూడా ఇదే కదా.

అందుకే ఆడే పిల్లలకు మూడు మాటలు.

ఒకటి, స్పాన్సర్ కోసం కూర్చోకండి. ఖేలో ఇండియాకు ఎంపికైతే నెలకు 10,000 రూపాయల భత్యం వస్తది. సెలక్షన్ ట్రయల్స్ ఎప్పుడో మీ కోచ్‌ను అడగండి.

రెండు, ఒప్పందం కాగితం వస్తే ఇంట్లో పెద్దలు, తెలిసిన వకీలు చూడకుండా సంతకం పెట్టకండి. ఎన్నేళ్లు? దెబ్బ తగిలితే పైసలు ఆగుతయా? ఈ రెండూ తప్పకుండా చూడండి.

మూడోది ఆడనోళ్లకు. మీ గల్లీలో పొద్దున్నే గ్రౌండ్‌కు పోయే పిల్ల ఉంటే, నలుగురు కలిసి ఒక జత బూట్లు కొనియ్యండి. పేరున్నోళ్ల దగ్గరికి కంపెనీలు ఎట్లయినా వస్తయి. పేరు రాకముందు ఆ పిల్లకు ఉన్నది మనమే.

ఉంటా మరి, మళ్లీ కలుద్దాం.