పింగాణి పాత్రల వెల
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పాత్రమెఱిగి దానము చేయవలెనని పెద్దలందురు. పాత్రమెఱిగి వెల కట్టవలెనని మనవి చేయుటకు నేను నిలిచితిని. ఊరి లెక్కలు వ్రాసికొని బ్రతుకువానికి పింగాణి ముచ్చట యేల యని మీకు తోచవచ్చును. దానికి కారణము నా తప్పిదమే. మొదట దానినే చెప్పుకొందును.

సుమారు ముప్పది యేండ్ల క్రిందట ఒక ఇంటి పంపకముల జాబితా వ్రాయుటకు నన్ను పిలిచిరి. ఇత్తడి, రాగి, కంచు తూకము వేయించి వ్రాసితిని. కడపట ఒక కొయ్యపెట్టెలో వరిగడ్డి నడుమ తేనీటి సామాను బయటపడెను. ఆరు కప్పులు, ఆరు సాసర్లు, మూతగల కెటిలు, పాలగిన్నె, చక్కెరగిన్నె. తూకమునకు రాని వస్తువు గదా యని "పగిలెడి సామాను, వెల లేదు" అని వ్రాసితిని. అది భర్తను కోల్పోయిన చిన్నకోడలి పాలబడెను. ఆమె నా వ్రాతను నమ్మి, వీధిలో వచ్చిన స్టీలు సామానులవాని కిచ్చి ఒక బిందె పుచ్చుకొనెను.

కొన్నాళ్ళకు మన స్టేషనులో బండి యెక్కి హైదరాబాదు పోయి సాలార్‌జంగ్ మ్యూజియము చూచితిని. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో గతించిన పిమ్మట, 1951లో దివాన్ దేవిడీలో తెరువబడి, 1968లో మూసీ యొడ్డున నేటి భవనమునకు మారిన సంగ్రహాలయమది. అచట చైనా, జపాను, జర్మనీ, ఫ్రాన్సు, ఇంగ్లండు పింగాణులను అద్దాల బీరువాలలో చూచి నిలిచిపోతిని. ఆ పెట్టెలోని సామాను అంతటిదని నేననను. కాదనియు ననలేను. ఏలయన, ఒక్క కప్పునైనను బోర్లించి చూడనైతిని.

కావున మొదటి పని బోర్లించి చూచుట. అడుగున ముద్ర యుండును. నీలిరంగు జంటకత్తులు 1710లో నెలకొన్న జర్మనీలోని మైసెన్ కర్మాగారపు గుర్తు. కాని దానిని అనుకరించినవారు పెక్కురు. చైనా చక్రవర్తుల పేళ్ళు సైతము తరువాతి కాలపు పాత్రలపై వ్రాయబడినవి. ముద్ర యొక సాక్షియే గాని తీర్పు కాదు. దేశనామము మరికొంత చెప్పును. దిగుమతి వస్తువులపై పుట్టిన దేశము పేరుండవలెనని అమెరికా 1890లో శాసనము చేసెను. కావున "ఇంగ్లండు" అని యున్నచో సాధారణముగా అటు తరువాతిది. "మేడ్ ఇన్ ఇంగ్లండ్" అనునది ఇరువదవ శతాబ్దిది. "నిప్పన్" అనునది సుమారు 1891 నుండి 1921 వరకు, ఆపైన "జపాన్".

రెండవది దీపపరీక్ష. కప్పును వెలుగున కెదురుగా పట్టినచో మేలి పింగాణిలో వ్రేళ్ళ నీడ కనబడును. ముతక మట్టిపాత్రలో కనబడదు. గోట మెల్లగా తట్టినచో చెక్కుచెదరనిది ఖంగున పలుకును. బీటవారినది బొంగురు పోవును. మూడవది భూతద్దము. చేతి చిత్రములో కుంచె జాడ యుండును. అచ్చు బొమ్మలో చుక్కలో, అతుకులో బయటపడును.

ఇక వెల. పాతదైనంత మాత్రమున విలువైనది కాదు. జత చెడనిదై, మూత తనదై, అంచు పెచ్చులూడక, బంగరు పూత చెరగక యున్నదానికే ధర. అడిగిన ధరను కాక, అట్టివి నిజముగా అమ్ముడైన ధరను విచారింపవలెను. కొనవచ్చినవానినే వెల చెప్పమనరాదు. 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము నూరేండ్లు నిండిన కళావస్తువు పురావస్తువగును. దానితో వ్యాపారము చేయువానికి లైసెన్సు కావలెను. దేశము దాటించు అధికారము ప్రజలకు లేదు.

శూద్రకుని మృచ్ఛకటికమున వసంతసేన తన నగలను బాలుని మట్టిబండిలో నింపెను. ఆ బండిని మట్టియేనని త్రోసివేసినవాడు నగలను గూడ త్రోసివేసియుండును గదా! ఇంట పాత పాత్ర లున్నవారు అమ్ముటకు ముందు మన గ్రంథాలయమునకు తెండు. దీపము వెలిగించి అందరము కలిసి చూతము.

ఆ యమ్మ యెదుట నా తప్పు నొప్పుకొంటిని. "బిందె ఇంకా మంచిగనే ఉన్నదయ్యా, పోనీ" అనెను. ఆమె మన్నించినను నా జాబితా మారదు. నాటినుండి "వెల లేదు" అను మాట నేను వ్రాయను. తెలియనిచోట "వెల తేలవలసియున్నది" అని వ్రాయుచున్నాను.