కళాయి పూత – గుండె కవాటం



ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్లు మా ముళబాగిలు వీధుల్లో తిరగడం మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. గిన్నె బాగా కాగాక నవాసారం చల్లి, తగరం తాకించి, గుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే లోపలంతా వెండిలా మెరిసేది. గిన్నె ఇత్తడిదే. చింతపండు పులుసుకు తగిలేది మాత్రం తగరం. అందుకే చిలుము పట్టేది కాదు. బడిలో కన్నడంలో సైన్సు చెప్పి, ఇంటికి వచ్చి తెలుగు మాట్లాడుకునే నాకు ఈ కళాయి చాలా పాఠాల్లో అక్కరకు వచ్చింది. ఒకసారి మాత్రం చేటు తెచ్చింది.

మా బడిలో మధ్యాహ్నం వంట చేసే ఆమెకు చిన్నప్పటి కీళ్లవాత జ్వరం వల్ల గుండె కవాటం చెడిపోయింది. ముప్పై దాటాక ఆపరేషను చేసి కృత్రిమ కవాటం అమర్చారు. వంటింట్లో సద్దు లేనప్పుడు దగ్గరకు వెళితే గడియారంలా టిక్కుటిక్కుమని వినిపించేది. అదేమిటని పిల్లలు అడిగితే నేను కళాయి కథ ఎత్తుకున్నాను. “దానికి కార్బన్ పూత ఉంటుంది, రక్తం అంటుకోదు” అన్నాను. గుమ్మం దగ్గర నిలబడి ఆమె కూడా విన్నది.

రక్తం పరాయి వస్తువును ఇట్టే పసిగడుతుంది. ప్లాస్టిక్కు గానీ లోహం గానీ తగిలిన క్షణాల్లోనే రక్తంలోని ప్రోటీన్లు దానిమీద పలుచని పొరగా పరుచుకుంటాయి. ఆ పొర మీదికి రక్తఫలకికలు చేరతాయి, ఫైబ్రిన్ దారాలు అల్లుకుంటాయి, గడ్డ తయారవుతుంది. వేలు తెగినప్పుడు మనల్ని కాపాడేది ఈ గుణమే. అదే కవాటం మీద జరిగితే దాని రెక్క బిగుసుకుపోవచ్చు, లేదా గడ్డలో ముక్క విరిగి మెదడుకు పోయి పక్షవాతం రావచ్చు.

అమెరికాలో విన్సెంట్ గాట్ అనే శస్త్రవైద్యుడు 1960ల మొదట్లో రకరకాల పదార్థాలతో చిన్న ఉంగరాలు చేయించి, కుక్కల పెద్ద సిరలో అమర్చి పరీక్షించాడు. మామూలు ప్లాస్టిక్కులు కొద్ది గంటల్లోనే పూడుకుపోయాయి. గ్రాఫైటు పూసి, బెంజాల్కోనియం అనే క్రిమినాశక ద్రవంలో ముంచి, హెపారిన్‌తో కడిగినవి పూడలేదు. హెపారిన్ రక్తాన్ని గడ్డకట్టనివ్వని మందు. దానిది కూడా విచిత్రమైన పుట్టుక. 1916లో జే మెక్‌లీన్ అనే వైద్య విద్యార్థి గడ్డకట్టించే పదార్థం కోసం వెదుకుతూంటే సరిగ్గా దానికి ఎదురైనది దొరికింది.

గాట్ రాసింది చదివి, జాక్ బోక్రోస్ అనే ఇంజనీరు ఆయనతో కలిశాడు. బోక్రోస్ పని ఆసుపత్రిలో కాదు, అణు ఇంధనపు గుళికలకు కార్బన్ పూత వేయడం. వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో ప్రొపేన్ వంటి వాయువును విడగొడితే అందులోని కార్బన్ వచ్చి వస్తువు మీద గట్టిగా పేరుకుంటుంది. పైరోలిటిక్ కార్బన్ అంటారు దాన్ని. అర మిల్లీమీటరు కూడా ఉండదు గానీ ఏళ్ల తరబడి కొట్టుకున్నా అరగదు, రక్తంతోనూ తగవు తక్కువ. 1960ల చివరి నుంచి గుండె కవాటాల్లో దాన్నే వాడుతున్నారు.

పూతే శరణ్యమని కాదు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ నాయకత్వాన తయారై, 1990 డిసెంబరులో మొదటిసారి రోగికి అమర్చిన చిత్ర కవాటంలో తిరిగే బిళ్ల పాలిథిలీన్‌ది. దానికి కార్బన్ పూత లేదు.

అయితే నేను పిల్లలకు చెప్పనిది ఒకటుంది. పూత ఉన్న కవాటమైనా, లేని చిత్ర కవాటమైనా రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి, బతికినన్నాళ్లూ. మన రక్తనాళాల లోపలి పొర ప్రాణమున్నది, గడ్డకట్టనివ్వని పదార్థాలను తానే తయారుచేసుకుంటుంది. కార్బన్‌కు ఆ శక్తి లేదు. అది గడ్డకట్టడాన్ని తగ్గిస్తుందే గానీ పూర్తిగా ఆపలేదు.

ఆమె మాత్రలు మానేసింది. కొన్ని వారాలకు ఆయాసం మొదలైంది. టిక్కుమనే చప్పుడు మందగించిందని గుర్తుపట్టింది కూడా ఆమే. బెంగళూరు తీసుకుపోతే కవాటం మీద గడ్డ ఉందన్నారు. అదృష్టవశాత్తు గడ్డ కరిగించే మందుతో బయటపడింది. నేను చూడబోతే ఆమె అన్నది: “కళాయి పూత మాదిరి అంటిరి గదా సార్, రక్తం అంటుకోదంటిరి. ఇంక మాత్ర ఎందుకులే అనుకొంటి.” నాకు నోట మాట రాలేదు.

ఇప్పుడు ఆమె దగ్గర చిన్న నోటుపుస్తకం ఉంటుంది. ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష చేయించిన తేదీ, వచ్చిన అంకె, మాత్ర మోతాదు నేనే రాసిపెడతాను. ఆకుకూరల్లోని కె విటమిను ఈ మాత్ర బలాన్ని తగ్గిస్తుంది. అందుకని మానేయమనలేదు డాక్టరు, ఒకవారం ఎక్కువా ఒకవారం తక్కువా కాకుండా తినమన్నాడు. సొప్పు సారు లేనిదే మాకు ముద్ద దిగదు కదా! పన్ను పీకించుకోవాలన్నా, ఇంకో జబ్బుకు కొత్త మందు వాడాలన్నా ఆమె ముందు ఆ పుస్తకం చూపిస్తుంది.

మీ ఇంట్లో గానీ వీధిలో గానీ కవాటం మార్పించుకున్నవాళ్లు ఉంటే, మాత్ర వేసుకుంటున్నారా అని ఈ రాత్రే ఒక మాట అడగండి.