అంగన్‌వాడీ పుట్టింది ఆదివాసీ వాకిట్లోనే

(ఆదివాసీ యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





పొద్దుటి నుంచి పోడు పట్టాల గురించి, హాస్టళ్ళ గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడుకున్నాం. అన్నీ అవసరమే. నాకిచ్చిన ఈ కొద్ది టైంలో నేను మూడేళ్ళ పిల్లల గురించి, వాళ్ళ ఆటల గురించి మాట్లాడతా. ఉద్యమానికీ పిల్లల ఆటలకూ ఏం సంబంధం అని కొందరికి అనిపించొచ్చు. మన పిల్లలు మధ్యలోనే బడి ఎందుకు మానేస్తున్నారని మనం ప్రతి మీటింగులో అడుగుతాం. జవాబు కోసం హైస్కూల్ దగ్గర, హాస్టల్ దగ్గర వెతుకుతాం. నేను అంతకంటే ముందుకు పోయి, అంగన్‌వాడీ గడప దగ్గర నుంచి వెతకమంటున్నా.

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. అంగణ్ అంటే మరాఠీలో వాకిలి. మహారాష్ట్రలో ఇప్పటి పాల్ఘర్ జిల్లా, అప్పటి ఠాణే జిల్లా. 1945లో తారాబాయి మోదక్ అక్కడి బోర్డీ అనే ఊళ్ళో చిన్నపిల్లల బడి మొదలుపెట్టింది. అనుతాయి వాఘ్ ఆమెకు తోడయింది. తర్వాత కోస్‌బాడ్ గుట్ట మీద వార్లీ ఆదివాసీల మధ్య పనిచేశారు. అప్పట్లో చిన్నపిల్లల బడి అంటే పట్నంలో డబ్బున్నోళ్ళదే. ఖరీదైన చెక్క బొమ్మలు, పరికరాలు ఉండేవి. పేద ఊళ్ళకు అవి ఎక్కడి నుంచి వస్తాయి? అందుకే ఆమె గులకరాళ్ళు, గింజలు, ఆకులు, గవ్వలనే బోధనా సామగ్రి చేసుకుంది. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ళ ఇళ్ళ ముందుకు తీసుకుపోయింది. వాకిట్లో నడిచిన బడి కాబట్టి అంగణ్‌వాడీ. పశువుల వెంట పోయే పిల్లల కోసం మేత బీళ్ళలోనే బడి పెట్టారు. 1975 అక్టోబర్ 2న కేంద్ర ప్రభుత్వం ఐసీడీఎస్ పథకం మొదలుపెట్టినప్పుడు దేశమంతా వాడుకున్న పేరు ఇదే.

అంటే మిత్రులారా, అంగన్‌వాడీ మనకు బయటి నుంచి వచ్చిన దానం కాదు. ఆదివాసీ వాకిట్లో, ఆదివాసీ పిల్లల ఆటల్లో నుంచి పుట్టిన బడి అది. ఇప్పుడు మన గూడేనికి వచ్చేసరికి అందులో మన వాకిలి లేదు, మన ఆట లేదు, మన మాట లేదు.

ఒక సెంటర్‌లో నేను చూసింది చెప్తా. ఊరి పేరు అక్కర్లేదు, చాలా గూడేల్లో కథ ఇదే. గోడకు చార్ట్ ఉంది. టీచర్ కర్రతో చూపిస్తూ తెలుగులో అడుగుతోంది, ఇదేంటి, అదేంటి అని. నాలుగేళ్ళ పిల్లగాడు నోరు తెరవలేదు. 'వీడు కొంచెం మందం సార్' అన్నది ఆమె. అరగంట తర్వాత వాడే బయట చెట్టు కింద గచ్చకాయలు వరుసగా పెట్టి లెక్కపెడుతున్నాడు. ఉండి, రండ్, మూంద్, నాలుంగ్, సైయుంగ్. తప్పు లేకుండా ఐదు దాకా గోండిలో లెక్కపెట్టాడు. తునికి పండు, మొర్రి పండు, రేగు పండు వేరు చేసి చెప్పగలడు. ఏ పండు ఏ కాలంలో వస్తదో వాడికి తెలుసు. చార్ట్ మీద ఉన్న యాపిల్ పండు మాత్రం వాడు ఎన్నడూ తినలేదు. మరి మందం ఎవరు? పిల్లగాడా, వాడి భాషలో ఒక్క మాటా అడగని బడా?

నేను ఆ టీచరమ్మను తప్పు పట్టడం లేదు. గుడ్లు, బియ్యం లెక్క ఆమే రాయాలి. పిల్లల బరువు, ఎత్తు ఆమే చూడాలి. పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఆమే ఎక్కించాలి. సర్వేలకు, ఎన్నికల డ్యూటీకి కూడా ఆమెనే పిలుస్తారు. ఇంత మోసే మనిషికి గోండి, కొలామి నేర్పినోళ్ళు లేరు. ఆటతో ఎట్లా చదువు చెప్పాలో దగ్గర కూర్చొని చూపించినోళ్ళూ లేరు. తప్పు ఏర్పాటుది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆటలో ఏం చదువుంది?

అచ్చనగిల్లలు తీసుకోండి. ఐదు రాళ్ళు. ఒకటి పైకి ఎగరేసి, అది కిందకు వచ్చేలోపు నేల మీది నాలుగూ ఏరాలి. ముందు ఒక్కొక్కటి. తర్వాత రెండేసి. తర్వాత మూడు, ఒకటి. చివరికి నాలుగూ ఒకేసారి. నాలుగును ఎన్ని రకాలుగా విడగొట్టొచ్చో పుస్తకంలో కూడికల పాఠం వచ్చేసరికి ఆ ఆడపిల్ల చేతులకు ఎప్పుడో వచ్చేసింది. ఆరేడేళ్ళ అక్క ఆడుతుంటే మూడేళ్ళ చెల్లె పక్కన కూర్చొని చూస్తది, రాళ్ళు అందిస్తది, లెక్క తప్పితే అరుస్తది. అదే ఆమె తరగతి గది.

వంటలాట చూడండి. మోదుగాకు పళ్ళెం అయితది, తడి మట్టి గట్క అయితది. ఒక వస్తువు ఇంకో వస్తువుకు గుర్తుగా నిలబడొచ్చని పిల్లకు అక్కడే తెలుస్తది. అక్షరం కూడా అంతే కదా? ఒక గీత ఒక శబ్దానికి గుర్తు. ఆకును పళ్ళెం చేసుకున్న పిల్లకు గీతను శబ్దం చేసుకోవడం కష్టం కాదు. మట్టి పిసకడం, గింజలు ఏరడం, ఆకులకు పుల్ల గుచ్చడం వీటితోనే వేళ్ళకు పట్టు వస్తది. ఆ పట్టు రాకముందే మూడేళ్ళ చేతికి బలపమిచ్చి వంద సార్లు 'అ' దిద్దిస్తే, పిల్ల నేర్చుకునేది భయమే. ఇక ఎవరి వంతు ముందు, ఓడిపోతే ఏం చేయాలి, చిన్నోళ్ళను ఎట్లా కలుపుకోవాలి, ఇవన్నీ పిల్లలు ఆటలోనే తేల్చుకుంటారు.

ఇక్కడ అమ్మానాన్నలు అడిగే మాట ఒకటుంది. 'మీరు డిగ్రీ చదువుకున్నరు బిడ్డా. మా పిల్లలకు మాత్రం ఆటలు చాలంటరా? మండలంలో ప్రైవేటు బడికి పంపితే ఎల్కేజీలోనే ఏబీసీడీలు రాస్తున్నరు' అంటారు. ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. తరాలుగా చదువు అందనోళ్ళ భయం అది. పత్తి అమ్మిన డబ్బులో నుంచి ఫీజు కట్టి, నాలుగేళ్ళ పిల్లను తెల్లారగానే ఆటో ఎక్కిస్తున్నారంటే అది ప్రేమతోనే.

వాళ్ళకు నేను చెప్పేది ఇది. కేజీ అంటే కిండర్‌గార్టెన్. జర్మన్ భాషలో దాని అర్థం పిల్లల తోట. 1840లో ఫ్రోబెల్ అనే ఉపాధ్యాయుడు ఆ పేరు పెట్టాడు. ఆయన బడిలో పిల్లలు చెక్క దిమ్మెలతో, బంతులతో ఆడారు, పాడారు, మొక్కలు పెంచారు. పట్నంలో బాగా డబ్బున్నోళ్ళు ఇప్పటికీ పిల్లలను ప్లేస్కూల్‌కే పంపుతారు. అక్కడ ఇసుక, మట్టి, నీళ్ళతో ఆడించడానికి ఫీజు తీసుకుంటారు. పేదోడి పిల్లకు మాత్రం కేజీ పేరుతో కాపీ పుస్తకం, హోంవర్క్, బెత్తం. మన వాకిట్లో ఊరికే దొరికేది వదులుకుని, ఫీజు కట్టి బెత్తం కొనుక్కుంటున్నాం.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పిల్లలను ఊరికే వదిలేసి, గుడ్డు పెట్టి, పడుకోబెట్టి పంపితే అది ఆటతో చదువు అనిపించుకోదు. ఆటతో చదువుకు తయారీ కావాలి. ఈ వారం విత్తనాలతో ఆట అనుకుంటే జొన్నలు, కందులు, చింతగింజలు తేవాలి. రంగును బట్టి, సైజును బట్టి వేరు చేయించాలి. ఎక్కువేవి, తక్కువేవి అని పిల్ల భాషలో అడగాలి. ఆ విత్తనం మీద అవ్వతో ఒక కథ చెప్పించాలి. ఒక విత్తనం నాటించి రోజూ చూపించాలి. చూసేవాళ్ళకు అది ఆట. చెప్పే మనిషికి మాత్రం పని ఎక్కువ. కాబట్టి 'ఆటలే కదా' అని సర్కారు ట్రైనింగ్ ఎగ్గొట్టడానికి వీల్లేదు.

తెలుగు, ఇంగ్లిష్ వద్దని కూడా నేను అనడం లేదు. రెండూ కావాలి, గట్టిగా కావాలి. కానీ ఇంటి భాషలో ఆలోచించడం, అడగడం, కథ చెప్పడం వచ్చిన పిల్లకు కొత్త భాష ఒక మెట్టు ఎక్కడమే. ఇంటి భాషను గడప బయట వదిలి రమ్మంటే, ఆ పిల్ల మొదటి రోజే మూగదైపోతది.

ఇది మనం కొత్తగా కోరుతున్నదా? కాదు. ఇక్కడే, మన జైనూర్ మండలం మార్లవాయిలో 1943లో గోండు టీచర్ల ట్రైనింగ్ సెంటర్ మొదలైంది. కుమ్రం భీం అమరుడైన తర్వాత నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది, ఆయన పూనికతో గోండి వాచకాలు తయారయ్యాయి. ఆ వాచకాలు తర్వాత బడుల్లో నిలవలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో గోండి, కొలామి, కోయ, సవర, కువి లాంటి ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టారు. మంచి ప్రయత్నం. కానీ అది ఒకటో తరగతి నుంచి మొదలైంది. పిల్ల బడి గడప తొక్కేది మూడేళ్ళకు, ఆమె భాష బడికి వచ్చేది ఆరేళ్ళకు. ఆ మధ్య మూడేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. రాను రాను ఆ పథకమూ నీరసపడింది.

కాగితం మీద అయితే అన్నీ మన వైపే ఉన్నాయి. రాజ్యాంగం 350ఎ అధికరణ ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించమంటుంది. 45వ అధికరణ ఆరేళ్ళ లోపు పిల్లలందరి సంరక్షణ, విద్య కోసం రాజ్యం ప్రయత్నించాలంటుంది. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశ అని, అందులో ఆటతో చదువు ఉండాలని చెప్పింది. 2022లో ఆ దశకు పాఠ్య ప్రణాళిక చట్రం వచ్చింది. 2023లో బొమ్మలు, పజిళ్ళతో 'జాదూయీ పిటారా' అనే పెట్టెను విడుదల చేశారు. అందులో ఏముందో చూడకముందే నేను చెప్పగలను, మన అవ్వల దగ్గర అంతకంటే పెద్ద పిటారా ఉంది. దాన్ని తెరవమని అడిగినోళ్ళే లేరు.

మరి మనం ఏం చేయాలి? నాలుగు పనులు.

మొదటిది, ప్రతి గూడెంలో యువత కూర్చొని మన ఆటలు, జోలపాటలు, పొడుపుకథలు, జంతువుల కథలు పెద్దల దగ్గర రికార్డు చేయాలి. అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి, రీల్స్‌కు పెట్టే టైంలో కొంత దీనికి పెడదాం. అవి మన అంగన్‌వాడీ టీచర్‌కు అందించాలి.

రెండోది, వారానికి ఒక పూట ఊరి అవ్వనో, తాతనో అంగన్‌వాడీకి తీసుకుపోవాలి. కథ చెప్పడానికి, బుట్ట అల్లడం చూపించడానికి, డప్పు మీద దరువు నేర్పడానికి.

మూడోది, తల్లిదండ్రుల మీటింగ్ పెట్టాలి. ఏ ఆటలో ఏ చదువుందో పిల్లలతో ఆడించే చూపించాలి. ఉపన్యాసంతో నమ్మరు, కళ్ళతో చూస్తే నమ్ముతారు.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది గ్రామసభ. 1996 పెసా చట్టం సామాజిక రంగాల సంస్థల మీద, వాటి సిబ్బంది మీద అజమాయిషీ అధికారాన్ని గ్రామసభకు, పంచాయతీలకు ఇవ్వమంది. అంగన్‌వాడీ కూడా అందులోకే వస్తది. కాబట్టి తీర్మానం రాద్దాం. మా సెంటర్‌లో టీచరో, ఆయానో ఒకరైనా మా భాష మాట్లాడేవాళ్ళు ఉండాలి. మా భాషలో కథల పుస్తకాలు, చార్టులు కావాలి. టీచర్లకు ఆట పద్ధతిలో ట్రైనింగ్ ఇవ్వాలి, వాళ్ళ మీద వేసిన వేరే డ్యూటీలు తగ్గించాలి. ఈ తీర్మానం కాపీ ఐటీడీఏ పీఓ టేబుల్ మీదకు ఒక గూడెం నుంచి పోతే పక్కన పెడతారు. వంద గూడేల నుంచి పోతే చదవక తప్పదు.

మనం భూమి కోసం కొట్లాడేటప్పుడు తాతల నాటి గుర్తులు చూపిస్తాం. ఈ చెట్టు మాది, ఈ రాయి మాది అంటాం. ఆ గుర్తులకు పేర్లు ఉన్నది మన భాషలోనే. ఆ పేర్లు మూడేళ్ళ పిల్ల నోట్లో ఆటగా, పాటగా బతకకపోతే రేపు సాక్ష్యం చెప్పడానికి ఎవరుంటారు?

వచ్చే గ్రామసభకు ఈ తీర్మానం పట్టుకుని రండి. జై సేవా. జై కుమ్రం భీం.